కడిగిన చేతులే పిలవాలి

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఆరేళ్లప్పుడు, పెద్దవాళ్ల కోసం ఊళ్లో చలికాలం బడి పెట్టినప్పుడు. ఇప్పటికీ ఒక పేజీ రాయాలంటే నాకు రెండు రోజులు పడుతుంది. మధ్యలో చెయ్యి తిమ్మిరెక్కితే లేచి ఆవు దగ్గరకు వెళ్లి, పాలు పితికి, మళ్లీ వచ్చి కూర్చుంటాను. మాస్టరు గారిని అడిగితే గంటలో రాసిపెట్టేవారే. కానీ ఆయనకు తెలిస్తే ఆయన భార్యకు తెలుస్తుంది, ఆవిడకు తెలిస్తే సాయంత్రానికి ఊరికంతా తెలుస్తుంది. అందుకే ఆలస్యమైంది.

మీరు పోయిన నెల సర్కారు రిజిస్టరు పట్టుకుని మా సిపాయిల సమాధుల తోటకు వచ్చారు. చెక్క శిలువలు తీసేసి సిమెంటువి వేస్తామన్నారు. సిమెంటులో పోసిన పేరు మళ్లీ మార్చడం కుదరదనీ, ఏ పేరు గురించైనా ఎవరికైనా తెలిసింది ఉంటే కాగితం మీద రాసి ఇమ్మనీ చెప్పారు. నాకు ఒక పేరు గురించి తెలుసు. మూడో వరుస, దారి వైపు నుంచి తొమ్మిదో శిలువ. దాని మీద గవ్రీల్ వర్లాన్ అని ఉంటుంది. గవ్రీల్ నా భర్త. ఆ శిలువ కింద ఉన్నది ఆయన కాదు.

గవ్రీల్ పంతొమ్మిది వందల పదహారో సంవత్సరంలో, ఆకులు రాలే కాలంలో సైన్యంలోకి వెళ్లాడు. ఒక్క కార్డు వచ్చింది. ఫాదర్ ఇరిమియా చదివి వినిపించారు: బాగున్నాను, ఆవును అమ్మకండి. అంతే. ఆ తరువాత కబురు లేదు. మరుసటి వేసవిలో యుద్ధమే మా కొండ మీదకు వచ్చింది. ఊరంతా పశువుల్ని తోలుకుని లోపలి లోయల్లోకి వెళ్లిపోయింది. మా అత్త జాంఫీరా గొర్రెల్ని తీసుకుని వాళ్ల అన్న ఊరికి వెళ్లింది. మా ఆవు ఈనే రోజులు. దాన్ని నడిపించలేక నేను ఉండిపోయాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు.

మూడు రోజులు ఫిరంగులు ఆగలేదు. నేను నేలమాళిగలో బంగాళాదుంపల మధ్య కూర్చున్నాను. నాలుగో రోజు పొద్దున పైకి వచ్చి కొట్టంలోకి వెళితే ఆవు ఈని ఉంది. దాని పక్కన గడ్డిలో ఒక సిపాయి పడి ఉన్నాడు. మనవాడు కాదు. కొండకు అవతలి నుంచి వచ్చిన హంగేరీ వాడు. పొట్టలో దెబ్బ తగిలింది. అయినా దూడను తన కోటు చేతితో తుడిచినట్టున్నాడు, దూడ పొడిగా ఉంది, కోటు చెయ్యి తడిగా ఉంది.

రెండు రోజులు బతికాడు. అతని మాట నాకు రాదు, నా మాట అతనికి రాదు. నీళ్లు అడగడానికి మాట అక్కర్లేదు. రెండో రోజు సాయంత్రం గుండె మీద చెయ్యి పెట్టుకుని "అంబ్రుష్" అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు. నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని "రుసాండా" అన్నాను. తల ఊపాడు. పొద్దునకు పోయాడు.

అప్పటికే ఊరి ఇళ్లు సగం కాలిపోయాయి. ఊళ్లో వాళ్లు తిరిగి వచ్చి శత్రువు శవాన్ని చూస్తే లోయలో కుక్కలకు పడేస్తారని నాకు తెలుసు. పైగా రక్తం మరకల బట్టల్లో మనిషిని మట్టిలో పెట్టకూడదంటారు. ఆ కోటు, ఆ లాగు పొయ్యిలో కాల్చేశాను. అతన్ని కడిగి, పెట్టె తెరిచి, గవ్రీల్ పండుగ చొక్కా, లాగు తొడిగాను. నడుముకు గవ్రీల్ తోలు నడికట్టు బిగించాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను: గవ్రీల్ ఎక్కడైనా పడిపోతే అక్కడ కూడా ఎవరో ఒక ఆడది పెట్టె తెరుస్తుంది. ఆపిల్ చెట్టు కింద ఒక్కదాన్నే గొయ్యి తవ్వాను. చొక్కా చేతులు అతనికి పొట్టివయ్యాయి. మణికట్లు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి, వాటి మీద మట్టి వేసేదాకా.

అత్త తిరిగి వచ్చాక రెండు అబద్ధాలు చెప్పాను. గవ్రీల్ బట్టలేవే అంటే సిపాయిలు ఎత్తుకుపోయారన్నాను. ఆ మట్టి దిబ్బ ఏమిటే అంటే, నేలమాళిగలోంచి పైకి వచ్చేసరికి ఉంది, మనవాళ్లెవరో మన సిపాయిని పాతిపెట్టి వెళ్లినట్టున్నారన్నాను. శత్రువుకు నీళ్లు పోశానని ఊళ్లో తెలిస్తే ఏమవుతుందో అన్న భయం. రెండూ చిన్న అబద్ధాలే. వేటికవి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. అవి రెండూ కలుస్తాయని నేననుకోలేదు.

ఏడేళ్లు ఆ దిబ్బ మా తోటలో ఉంది. అత్త ప్రతి పండుగకూ దాని మీద ఒక రొట్టె ముక్క పెట్టేది. "ఎవరి బిడ్డో. నా బిడ్డకు అక్కడ ఎవరో పెడతారు" అనేది. రోజూ పొద్దున లేవగానే నన్ను ఒకే మాట అడిగేది.

"కల్లోకి వచ్చాడా?"

"రాలేదత్తా."

"నాకూ రాలేదు. రాలేదంటే ఉన్నాడన్నమాటే. పోయినవాడు అడగడానికి వస్తాడు. ఆకలనో, చలనో, ఏదో ఒకటి అడగడానికి వస్తాడు."

పంతొమ్మిది వందల ఇరవై నాలుగో సంవత్సరంలో పొలాల్లో, తోటల్లో, రోడ్డు పక్కన పాతిపెట్టిన సిపాయిలందరినీ ఒకచోటికి చేర్చాలని ఆజ్ఞ వచ్చింది. మా కొండ మీద సమాధుల తోటకు స్థలం ఇచ్చారు. తవ్వడానికి మగవాళ్లున్నారు. కడగడానికి ఆడవాళ్లు కావాలి. ఏడేళ్లకు ఎముకలు తీసి వైనుతో కడిగి తెల్ల బట్టలో కట్టి మళ్లీ పెట్టడం మా ఆచారం. ఇంటివాళ్లకైతే ఇంటివాళ్లు చేస్తారు. వీళ్లకు ఇల్లెక్కడుంది? పన్నెండు మందిమి మేము చేస్తామన్నాము. జీతం లేదు, బత్తెం లేదు, వైను కూడా ఎవరింటిది వాళ్లదే. మా అందరికీ పెద్ద తుడోరా. ఆమె నోటికి ఊరి కుక్కలు కూడా దారి ఇచ్చేవి.

"వినండే. కడగడం తేలిక. ఆ తరువాతే ఉంది పని" అని మొదటి రోజే చెప్పింది తుడోరా. "ఎవరు కడిగితే ఆ చేతులే బతికినన్నాళ్లూ పండుగకు వాడి పేరు పిలిచి రొట్టె పెట్టాలి. కడిగిన చేతులే పిలవాలి. ఇంకెవరు పిలిచినా వాడికి వినపడదు. పేరు పిలవకుండా పెడితే అవతలి లోకం బల్ల మీద రొట్టె ఉన్నా ముట్టుకోడు. మీలో మతిమరుపు ముండలెవరైనా ఉంటే ఇప్పుడే ఇంటికి పొండి."

పేరు తెలియని వాళ్లను "దేవుడికి తెలిసినవాడా" అని పిలవాలని ఫాదర్ ఇరిమియా చెప్పారు. నేను పదకొండు మందిని కడిగాను. వాళ్లలో నలుగురికి పేర్లున్నాయి.

బండి మా తోటకు వచ్చిన రోజు ఎండగా ఉంది. బండితో లిస్టు రాసుకునే ముసలి సార్జెంటు కూడా వచ్చాడు. అతనికి ఒక చెయ్యి లేదు.

"మనవాడా, వాళ్లవాడా?" అని అడిగాడు సార్జెంటు. మనవాళ్లకు ఒక్కొక్కరికి ఒక శిలువ. వాళ్లవాళ్లందరికీ కలిపి మూల దురదగొండి పొదల పక్కన ఒకటే గొయ్యి, పేర్లు లేవు.

"మనవాడే" అన్నాను.

"ఏమే రుసాండా, నీ సిపాయిని ఇస్తున్నావా, ఇంకో ఏడాది ఆపిల్ చెట్టుకు ఎరువుగా ఉంచుకుంటావా?" అంది తుడోరా.

"నీ నాలుక ఆ పారకంటే పెద్దదే తుడోరా. దాంతోనే తవ్వు, తొందరగా అవుతుంది" అంది మా అత్త.

అందరూ నవ్వారు. నవ్వుతుండగానే పార దేనికో తగిలి గీసుకున్న చప్పుడైంది. తవ్వేవాడు వంగి, మట్టి దులిపి, నడికట్టు పైకి తీశాడు. తోలు నల్లబడి బిగుసుకుపోయింది, కానీ మూడు వరుసల ఇత్తడి గుబ్బలు అలాగే ఉన్నాయి. మధ్య వరుసలో ఒక గుబ్బ ఊడిపోతే మా మామ బతికున్నప్పుడు దాని స్థానంలో గుర్రపు నాడా మేకు కొట్టాడు. ఆ మేకు కూడా ఉంది.

అత్త అరవలేదు. నడిచి వెళ్లి, గోతి పక్కన కూర్చుని, నడికట్టు తీసుకుని ఆ మేకు మీద బొటనవేలు పెట్టింది.

"ఇంటికొచ్చాడు" అంది.

ఆమే ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ చెప్పింది. "నా బిడ్డ యుద్ధంలోంచి ఇంటికొచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. పెట్టె తీసి మంచి బట్టలేసుకున్నాడు. సిపాయిలు ఎత్తుకుపోలేదే రుసాండా, వాడే వేసుకున్నాడు. గుమ్మం ముందు గుండు తగిలింది. ఎవరో దారినపోయేవాళ్లు ఇక్కడ పెట్టారు."

నా రెండు అబద్ధాలూ ఆమె ఒళ్లో కలిసిపోయాయి.

"అయ్యో రుసాండా" అంది తుడోరా నన్ను చూసి. జాలో వెటకారమో ఇప్పటికీ నాకు తెలియదు. "పైన మొగుడు ప్రాణం వదులుతుంటే కింద నువ్వు బంగాళాదుంపలకు కాపలా కాశావా?"

అప్పుడే నోరు విప్పాల్సింది. కాదత్తా, ఈ బట్టలు నేనే తొడిగాను అనాలి. నోరు తెరిచాను. కానీ అప్పటికే తవ్వేవాడు తలను తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఒళ్లో పెట్టుకుని, కొంగుతో కళ్ల గుంటల్లోని మట్టి తుడుస్తోంది. ఏడేళ్లుగా రోజూ పొద్దునే నన్ను అడిగిన మనిషి. ఆ ఒళ్లోంచి ఆ తల ఎలా తీయను? నోరు మూసుకున్నాను.

సార్జెంటు లిస్టులో గవ్రీల్ వర్లాన్ అని రాసుకున్నాడు. పెన్సిలు చప్పుడు నాకు వినిపించింది.

ఎముకలు నన్ను ముట్టుకోనివ్వలేదు అత్త. తొట్టిలో వైను పోసి ఒక్కతే కడిగింది. ఆపిల్ చెట్టు వేళ్లు పక్కటెముకల్లోకి అల్లుకుపోతే వాటిని తెంపకుండా విడదీసింది. ఎముకలు తేనెమైనంలా పసుపుగా ఉన్నాయి. అలా ఉంటే ఆత్మకు ఏ బరువూ లేదంటారు. చేతులు కడిగింది, కాళ్లకు వచ్చింది. గవ్రీల్‌కు పన్నెండేళ్లప్పుడు అక్రోటు చెట్టు మీంచి పడి ఎడమ పిక్క ఎముక విరిగింది. అతుక్కున్న చోట కోడిగుడ్డంత బొడిపె ఉండేది. నేను ఆయన భార్యను, నాకు తెలుసు. ఆమె ఆయన్ని కన్నది. ఎడమకాలి ఎముక చేతిలోకి తీసుకుని బొటనవేలితో పైనుంచి కిందికి రాసింది. ఆగింది. కుడికాలి ఎముక తీసుకుని దాన్నీ రాసింది. ఆమె రెంటినీ తొట్టిలో ముంచి, వైను పోసి, కడిగి, తెల్ల బట్ట మీద పక్కపక్కన పెట్టింది. కన్నీళ్లలో ఆమెకు తెలియలేదనుకున్నాను.

సమాధుల తోటలో మూడో వరుసలో పెట్టాం. పోయిన సిపాయిలను తలుచుకునే ఆరోహణ పండుగ రోజు మా అత్త ఎర్ర గుడ్డు, రొట్టె పట్టుకుని "గవ్రీల్, ఇది నీకు చేరాలి" అంది. పోయినవాడి బదులు చెయ్యి చాచి తీసుకున్న తుడోరా "చేరుగాక" అంది.

ఆ వారమే అతను నా కలలోకి వచ్చాడు. గవ్రీల్ కాదు, అంబ్రుష్. సమాధుల తోటలో పొడవాటి బల్ల. వరుసగా కూర్చుని అందరూ తింటున్నారు. నేను కడిగిన పదకొండు మందీ ఉన్నారు, పేర్లు లేనివాళ్లు కూడా. చివర అతను కూర్చున్నాడు. ముందు రొట్టె ఉంది, గుడ్డు ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. చొక్కా చేతుల్లోంచి మణికట్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఎవరైనా మాట్లాడితే తల తిప్పి చూస్తున్నాడు, తననే పిలిచారేమోనని.

కోపంతో వస్తే భరించేదాన్ని. అతను మర్యాదగా కూర్చునేవాడు. పిలవకుండా తినకూడదని నేర్పించి పెంచిన పిల్లాడిలా.

మొదట నేనే ఒక దారి వెతికాను. ఫోక్షాని సంతకు వెళ్లినప్పుడు ముష్టి ముసలమ్మకు రొట్టె ఇచ్చి ఆమె చెవిలో ఆ పేరు చెప్పాను. "ఇంత గొప్ప రొట్టెకు ఇంత చిన్న గొంతా, ఎవర్ని దాస్తున్నావమ్మా?" అని అడిగింది. ఆ రాత్రి కూడా అతను అలాగే కూర్చున్నాడు. నేనతన్ని కడిగి మట్టిలో పెట్టినదాన్నే కానీ, ఎముకలు కడిగింది నేను కాదు. పిలవాల్సింది మా అత్త. ఆమె పిలవాలంటే ఆమెకు చెప్పాలి. చెబితే ఆమె కొడుకు రెండోసారి పోతాడు. మళ్లీ రోజూ పొద్దున ఆ ప్రశ్న మొదలవుతుంది. అతన్ని ఆకలితో ఉంచడమా, ఆమెను మళ్లీ ఎదురుచూసేలా చేయడమా? ఏడేళ్లు ఈ రెంటి మధ్యే తిరిగాను.

తోట పని మాత్రం మానలేదు. మా పన్నెండు మందిలో ముగ్గురు పోయారు, ఇద్దరు మానేశారు. కలుపు తీయడం, వాలిపోయిన శిలువలు నిలబెట్టడం, మంచు కరిగాక పేర్ల మీద నల్ల రంగు పూయడం. రంగు పని నాది. చదవడం రాకపోయినా గీత మీద గీత పోనివ్వడం వచ్చు. ఏ శిలువ ఎవరిదో వరుసను బట్టి తెలుసు. తొమ్మిదో శిలువ దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు గీత దాటేది. అక్కడ రంగు కారిన మరకలు మీరూ చూసే ఉంటారు.

ముప్పై ఒకటో సంవత్సరం, ఆరోహణ పండుగకు ముందురోజు. మధ్యాహ్నం. అత్తకు అప్పటికి మోకాళ్లు పోయాయి, అయినా కర్ర పట్టుకుని నాతో కొండ ఎక్కింది. నేను రంగు పూస్తుంటే శిలువ పక్కన గడ్డిలో కూర్చుంది. కాసేపు నా చెయ్యి వంకే చూసింది.

"ఆ పేరు మీద ఎన్నిసార్లు రంగు పూశావే?"

"ఏడుసార్లు అత్తా."

"ఏమని రాసుందో తెలుసా?"

"తెలియకేం. గవ్రీల్ అని."

"రాసింది గవ్రీలే. పడుకున్నదెవరు?"

బ్రష్షు చేతిలోంచి జారి గడ్డిలో పడింది. నేను తీసుకోలేదు.

"వాడి కాలు విరగలేదే" అంది. గొంతులో కోపం లేదు. "రెండు కాళ్లూ చూశాను. నున్నగా ఉన్నాయి, కొత్త చెంచా కాడల్లాగా. నా బిడ్డ కాలు నాకు తెలీదనుకున్నావా? నెలరోజులు దానికి వెన్న రాసింది నేనే."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నీ ఒళ్లో తల ఉంది."

"అదేనే నేనూ చెప్పేది. ఒళ్లో పెట్టుకున్న తలని తీసి అవతల పెట్టమంటావా? పెడితే ఏమయ్యేది? తుడోరా తీసుకెళ్లి దురదగొండి పొదల దగ్గర ఆ గోతిలో పోసేది." కర్రతో నేల మీద ఏదో గీసి చెరిపేసింది. "అబద్ధమెందుకు, అదొక్కటే కాదు. ఒక గంట సేపు నా కొడుకుండాలి అనిపించింది. ఒక్క గంట. కడిగినంతసేపు. కడగడం అయ్యాక చెప్పేద్దామనుకున్నా. అందరూ వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. నువ్వూ ఏడ్చావు. నువ్వు ఏడుస్తుంటే, దీనికి తెలీదులే, ఇది కూడా నమ్మింది, దీనికైనా ఒక సమాధి ఉంది అనుకున్నా."

ఇద్దరం ఏడేళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, ఒకరి కోసం ఒకరం ఆ అబద్ధాన్ని మోశాం.

అంతా చెప్పాను. కొట్టం, దూడ, నీళ్లు, పొట్టి చొక్కా. కల గురించి కూడా చెప్పాను. దూడను తుడిచాడన్నప్పుడు మాత్రం "ఎవరో పల్లెటూరి పిల్లాడే" అంది. కల గురించి విన్నాక అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"ఏడేళ్లు. నా ముందే రొట్టె పెట్టుకుని ఏడేళ్లు పస్తున్నాడా?"

"నువ్వు పిలవాలత్తా. నేను పిలిస్తే వినపడలేదు."

"పేరు?"

"అంబ్రుష్."

"అదేం పేరే, నోట్లో పళ్లున్నవాళ్లు పలికేది." రెండు మూడుసార్లు తనలో తాను అనుకుంది. ఒకసారి తప్పు పలికితే నేను సరిచేశాను. "ఇవాళ పిలిస్తే రేపటి నుంచి గవ్రీల్‌కు సమాధి లేదు. అది తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే."

"తెలిస్తే సరే."

సంచిలోంచి పండుగ కోసం తెచ్చిన రొట్టె, ఎర్ర గుడ్డు తీసింది. ఇవ్వడానికి మనిషి కావాలి, నేను ఇంటిదాన్ని, నాకు ఇస్తే చెల్లదు. అప్పుడే కింది వరుసలోంచి తుడోరా నీళ్ల కడవతో వస్తోంది.

"ఇటు రావే తుడోరా. చెయ్యి పట్టు" అంది అత్త. శిలువకు చెయ్యి ఆనించి లేచి నిలబడింది. దూరంగా పొలంలో ఉన్న కొడుకును భోజనానికి పిలిచే తల్లిలా గొంతెత్తింది. "అంబ్రుష్! ఇది నీకు. నీకు చేరాలి."

తుడోరా చేతిలో రొట్టె పట్టుకుని నిలబడిపోయింది. "ఎవరే వాడు?"

"నేను కడిగినవాడు."

"ఇది గవ్రీల్ శిలువ కదా?"

"నిన్ను తినమన్నాను, చదవమనలేదు. చేరుగాక అను."

తుడోరా నన్ను చూసింది, అత్తను చూసింది, శిలువను చూసింది. ఆమె జీవితంలో నోరు అదుపులో పెట్టుకున్నది ఆ ఒక్కసారే. రొట్టె కొరికి, నమిలి, మింగి, "చేరుగాక" అంది. చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి బల్ల చివర అతని తల వంగి ఉంది. తింటున్నాడు. ముఖం కనిపించలేదు, దవడ కదలడం మాత్రం కనిపించింది. అదే చివరిసారి. ఆ తరువాత అంబ్రుష్ మళ్లీ రాలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను నిద్రపోయేదాన్ని. నాలుగు రోజుల తరువాత గవ్రీల్ వచ్చాడు. యుద్ధానికి వెళ్లిన పద్నాలుగేళ్లలో మొదటిసారి. బల్ల దగ్గరకు రాలేదు. సమాధుల తోట కంచె బయట నిలబడి, శిలువలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ నడుస్తున్నాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. మూడో వరుస దగ్గర ఆగి, తొమ్మిదోదాన్ని చూసి, అక్కడ వేరే మనిషి పడుకున్నాడని తెలిసి, తప్పు ఇంటికి వచ్చినవాడిలా తల వంచుకుని వెనక్కి తిరిగాడు.

పొద్దున అత్త అడిగింది. ఏడేళ్లుగా ఆ మాట అడగడం మానేసింది, ఆ రోజు అడిగింది.

"వచ్చాడా?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు అలవాటే.

"వచ్చాడత్తా."

ఆమె చేతిలో ఉన్న సంకటి గిన్నె బల్ల మీద పెట్టింది. గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఎముకలు కడిగిన రోజు ఆమె ఏడ్చిన ఏడుపు నేను చూశాను, ఇది అది కాదు. ఆ ఏడుపులో ఒక చెవి గుమ్మం వైపు ఉండేది. ఇందులో లేదు. ఆ చలికాలమే పోయింది. పోయే ముందు శిలువ మీద పేరు మార్చొద్దంది. "నేనుండగా మార్చకు. తరువాత నీ ఇష్టం" అంది. తరువాత కూడా నాకు ధైర్యం రాలేదు. మరో యుద్ధం వచ్చింది, కొండ మీద కొత్త వరుసలు వచ్చాయి, నేను అందరికీ రంగులు పూస్తూనే ఉన్నాను. బడికి వెళ్లింది ఎప్పటికైనా ఈ సంగతి కాగితం మీద పెట్టాలనే. మాస్టరు గారు నా పేరు రాయమన్న మొదటి రోజున పలక మీద నేను రాసిన పేరు నాది కాదు.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. మూడో వరుస తొమ్మిదోదాని మీద సిమెంటులో అంబ్రుష్ అని పోయండి. ఇంటిపేరు నాకు తెలియదు. వాళ్లవాడని మూల గోతి దగ్గరకు మార్చకండి. మా అత్త చేతులతో కడిగి తెచ్చి పెట్టింది, అతను అక్కడే ఉండాలి. కొండకు అవతల ఏ ఊళ్లోనైనా ఆ పేరు కోసం అడుగుతున్న ఇల్లుంటే, మీ కాగితాలకు తెలిస్తే, వాళ్లకు ఒక ముక్క రాయండి. చివరిదాకా నీళ్లు తాగాడని రాయండి. గవ్రీల్ పేరు మాత్రం ఎక్కడా పోయకండి. ఎముక లేని చోట పేరు పెట్టొద్దు. ఒకసారి పెట్టి చూశాం.

కలల గురించి రాసిన చోట్లు మీకు అక్కర్లేకపోతే కొట్టేయండి. నేను వాటిని వదిలేసి రాయలేకపోయాను.

గవ్రీల్ ఇప్పటికీ వస్తాడు. కంచె బయటే నడుస్తాడు. నేను ఏటా అక్కడికే వెళ్లి, రొట్టె పట్టుకుని, గట్టిగా పేరు పిలుస్తాను. ఆయన ఎముకలు నేను కడగలేదు. ఎవరు కడిగారో, అసలు కడిగారో లేదో తెలియదు. వినపడుతుందో లేదో తెలియదు. తల మాత్రం తిప్పడు.

రుసాండా వర్లాన్, వయసు అరవై ఒకటి, పొయానా ఊరు, సమాధుల తోటకు వెళ్లే దారిలో చివరి ఇల్లు.